చీనీ తోటలో జారే చక్రానికి 43 కేజీల బిళ్ల

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె పక్క పల్లె. ఆరెకరాల చీనీ (బత్తాయి) తోట. కింది నాలుగెకరాలు చదును, పై రెండెకరాలు గుట్ట వైపు ఎగదన్నుకుని ఉంటాయి. ఈ కథంతా ఆ పై రెండెకరాలదీ, అక్కడ జారే ట్రాక్టరు చక్రానికి నేను పోసుకున్న సిమెంటు బిళ్లలదీ.

చెట్టుకూ చెట్టుకూ మధ్య ఆరు మీటర్లు. పెద్ద ట్రాక్టరు దూరితే కొమ్మలు విరుగుతాయి, పిందె రాలుతుంది. అందుకని మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండులో ఒక మినీ ట్రాక్టరు కొన్నాను. 20 హార్స్ పవర్ లోపలిది, వెనక టైర్లు 8.00-18 సైజు, అంటే ఎనిమిదంగుళాల వెడల్పు, 18 అంగుళాల రిమ్ము. కింది చేనులో ఐదు పళ్ల కల్టివేటర్ దించితే వెన్నలో కత్తి దిగినట్టు పోయేది. పైకి ఎక్కించి అదే కల్టివేటర్ దించితే ఇంజన్ మోత బాగానే ఉండేది, చక్రాలూ తిరిగేవి, బండి మాత్రం అంగుళం అంగుళం జరిగేది. ఎర్ర నేల, పైన పలచగా గరుసు. వాన పడిన మర్నాడైతే సబ్బు రాసినట్టే.

ఎండాక దున్నుకోవచ్చు కదా అని టౌను వాళ్లు అంటారు. మా జిల్లాలో ఏడాదంతా కలిపితే పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. అందులో దున్నడానికి సరిపడా తడితో నేల పదునుగా ఉండే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ రెండు మూడు రోజుల్లో సేద్యం అయిపోవాలి, లేకుంటే నేల రాయి అవుతుంది. అట్లాంటి రోజున బండి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే కడుపు మండుతుంది.

మొదట అందరూ చెప్పిన వైద్యం చేశాను. కల్టివేటర్ మీద బరువు పెట్టడం. తాడిపత్రి నుంచి ఇంటికి తెచ్చిన నాపరాళ్లలో మిగిలిన ముక్కలు నాలుగు దాని మీద పేర్చి కట్టాను. చిన్నప్పుడు నన్ను గుంటక మీద కూర్చోబెట్టి మా నాయన ఎద్దులు తోలిన సంగతి గుర్తుంది. నా బరువుకు గుంటక నేలలో దిగేది, నాకది సవారీ. ఇదీ అంతే కదా అనుకున్నా. అంతే కాదు. గుంటక లాగింది ఎద్దులు, వాటి కాళ్లు జారవు. ఇక్కడ రాళ్ల బరువుకు పళ్లు ఇంకో రెండంగుళాలు లోపలికి దిగి, లాగడం ఇంకా కష్టమై, చక్రం ముందుకంటే ఎక్కువ జారింది. బరువు కావలసింది లాగే చక్రం మీద. నేను పెట్టింది లాగబడే దాని మీద. ఇంత చిన్న విషయం బుర్రకెక్కడానికి ఒక సాయంత్రం పట్టింది.

మా చిన్నాయన దగ్గర ఇంకో ఉపాయం ఉంది. "రెండు మడ్‌గార్డుల మీద ఇద్దరు మనుషులు కూర్చుంటే సరిపాయె కదరా, ఊరంతా అట్లే తోలుకుంటాండారు." నిజమే, ఊరంతా అట్లే తోలుతున్నారు. వెనకనే కల్టివేటర్ పళ్లు, పక్కన తిరిగే చక్రం. గట్టు దగ్గర బండి ఎగిరిపడితే మనిషి ఎటు పడతాడో చెప్పలేం. "మనిషి బరువు వద్దు చిన్నాయనా, ఇనుము బరువు పెడదాం" అన్నాను. ఆయనకు నేను పిరికివాణ్ణని అప్పటికే ఒక అభిప్రాయం ఉంది, అది గట్టిపడింది.

ట్రాక్టరు టైర్లలో నీళ్లు నింపే పద్ధతి కూడా ఉంది. వాల్వు పైకి వచ్చేట్టు చక్రం నిలబెట్టి, వాల్వు మట్టం దాకా నీళ్లు పట్టిస్తారు, ముక్కాలు వంతు నిండుతుంది. చలిదేశాల్లో గడ్డకట్టకుండా ఏవేవో ఉప్పులు కలుపుతారట, మనకు ఆ బాధ లేదు. ఖర్చు లేని పని, నేనూ అదే చేసేవాణ్ణి. కానీ మా పై చేనికి కంచె లాగా మూడు వైపులా సీమజాలి. దాని ముల్లు దిగని టైరు మా ఊళ్లో లేదు. ముల్లు దిగిన ప్రతిసారీ నీళ్లన్నీ వదిలేసి, పంచరు వేయించి, మళ్లీ నింపుకోవాలి. ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

ఇక మిగిలింది చక్రం డిస్కుకు, అంటే మధ్యలో ఉండే ఇనుప పలకకు, బిగించే బరువులు. షోరూంలో అడిగితే ఈ చిన్న మోడలుకు స్టాకు లేదు, ఆర్డరు పెట్టాలి, ఎప్పుడొస్తాయో చెప్పలేం అన్నారు. చెప్పిన రేటు విని, బయటికి వచ్చి టీ తాగి, సిమెంటుతో ఆ బిళ్లలు సొంతంగా పోతపోసుకుందామని నిర్ణయానికొచ్చాను.

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క తీశాను. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, టేపూ సుద్దముక్కా చాలు. టైరు మీద సుద్దతో ఒక గీత పెట్టి, కల్టివేటర్ ఎత్తిపెట్టి, చక్రం సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా తోలాను. మొదలు దగ్గర ఒక పుల్ల, చివర ఒక పుల్ల. కొలిస్తే 29 మీటర్లు. తర్వాత పై చేనులో పళ్లు దించి, అదే గేరులో మళ్లీ పది చుట్లు. ఈసారి 21 మీటర్లే. అంటే ఎనిమిది మీటర్లు ఉత్త పుణ్యానికి తిరిగింది. నూటికి 28 వంతులు జారుడు. దుక్కిలో పదీ పదిహేను వంతుల జారుడు మామూలే, అసలు జారకుండా ఏ బండీ లాగదు. 28 అంటే డీజిలూ టైరూ రెండూ నేలకు దానం చేస్తున్నట్టు. మా చిన్నాయన గట్టు మీద కూర్చుని ఇదంతా చూసి "పుల్లలు నాటి ఏం పండిస్తావురా?" అన్నాడు.

టైర్లలో గాలి కూడా చూశాను. పంచరు షాపులో రోడ్డు బండికి కొట్టినట్టు బిగదీసి కొట్టారు. కంపెనీ పుస్తకంలో పొలానికి రాసినంతకు దించితే టైరు కాస్త పరుచుకుని నేలను పట్టుకుంది. పది చుట్లకు 22 మీటర్లు వచ్చింది. పైసా ఖర్చు లేకుండా ఒక మీటరు.

మొదటి జత సంగతి చెప్పాలంటే సిగ్గే. ఏప్రిల్ నెల. వెల్డింగ్ షాపు భాయ్ ఐదంగుళాల వెడల్పు ఇనుప పట్టీని పదిహేనంగుళాల గుండ్రంగా వంచి రింగు చేసిచ్చాడు. ఒకచోట కోసి రెండు చెవులు పెట్టి బోల్టుతో బిగించేట్టు చేయించాను, పోత గట్టిపడ్డాక విప్పి తీయడానికి. రింగు లోపలంతా కాలిన ఆయిలు పూసి, పాత ఫ్లెక్సీ పరిచి దాని మీద పెట్టి, సిమెంటూ ఇసుకా కంకరా కలిపి పోసేశాను. నీళ్లు కాస్త ఎక్కువే పోశాను, తొందరగా సర్దుకుంటుందని. లోపల ఒక్క కడ్డీ లేదు. నాలుగో రోజు విప్పి, గట్టిగానే ఉందనుకుని, రెండే రెండు బోల్టులతో బండికి బిగించాను. ఒక్కోటి 32 కేజీలు తూగింది.

అర్ధ గంట. పై చేను మూడో సాలులో టప్‌మని చప్పుడు. కుడి చక్రం బిళ్ల బోల్టు రంధ్రం దగ్గర నుంచి అడ్డంగా పగిలి, సగం ముక్క ఊడి, వాలు వెంబడి దొర్లుకుంటూ పోయి డ్రిప్పు పైపు మీద పడింది. పైపు తెగి నీళ్లు చిమ్ముతుంటే పరిగెత్తి గేటు వాల్వు కట్టేశాను. ఆ సమయానికి కింద పాదుల్లో కలుపు తీసే ఆడవాళ్లు అవతలి వరుసలో ఉన్నారు. ఇవతలి వరుసలో ఉండుంటే? ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మా ఇల్లు కట్టిన మేస్త్రీ మామను పిలిచి ముక్కలు చూపించాను. వేలితో గీకితే పొడి రాలింది. "ఏమప్పా, నాలుగు దినాలకు స్లాబు కింద కర్రలు తీస్తామా? ఈ ఎండలో ఒక్క పూటైనా తడి పెట్టినావా?" అన్నాడు. పెట్టలేదు. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని ఇంతకాలం నేననుకున్నాను. అది ఎండి గట్టిపడేది కాదు, నీళ్లు తాగి గట్టిపడేది. సిమెంటూ నీళ్లూ కలిసి లోపల జరిగే పని వారానికి సుమారు మూడింట రెండొంతులు అవుతుంది, పూర్తి బలానికి 28 రోజులు లెక్క. నలభై డిగ్రీల ఎండలో తడి లేకుండా వదిలేస్తే పైనున్న నీళ్లు ఆవిరైపోయి ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. పోసేటప్పుడు నీళ్లు ఎక్కువ, పోశాక నీళ్లు అసలే లేవు. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను.

రెండో జతకు మేస్త్రీ మామే దగ్గరుండి చెప్పాడు. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు పాళ్లు చిన్న కంకర. నీళ్లు ఎంత తక్కువంటే, పిడికిట్లో పిసికితే ముద్ద అవ్వాలి కానీ వేళ్ల సందున కారకూడదు. నేను దీనికి ఒకటి కలిపాను. ఉత్త కాంక్రీటు ఘనపు మీటరు 2,400 కేజీల దాకా తూగితే ఇనుము 7,850. రింగు సైజు పెంచడానికి లేదు, చక్రం లోపల పట్టాలి. కాబట్టి అదే చోటులో బరువు పెరగాలంటే ఇనుము దూర్చాలి. అనంతపురంలో గుజిరీ అంగడికి పోయి కడ్డీ ముక్కలు, పాత బోల్టులు, అరిగిన బేరింగులు ఏరుకొచ్చాను. ఏరడమే ఒక సరదా, రెండు గంటలు ఎట్లా పోయాయో తెలియలేదు. తుప్పు పొరలుగా లేస్తున్నవీ, గ్రీజు పట్టినవీ పక్కన పడేశాను, వాటికి సిమెంటు అతుక్కోదు. బేరింగులను డీజిల్లో కడిగి, ఆ డీజిలు పోయేదాకా సబ్బు నీళ్లతో మళ్లీ కడిగాను. ఒక్కో బిళ్లకు 18 కేజీలు తూచి పెట్టుకున్నాను.

బిళ్ల వెనక వైపు చక్రం నట్లకు చోటు ఉండాలి, లేకుంటే అది డిస్కుకు ఆనదు. దానికి తొమ్మిదంగుళాల అల్యూమినియం తట్ట ఒకటి బోర్లించి రింగు అడుగున మధ్యలో పెట్టాను. అది మా ఇంట్లో సంగటి తినే తట్ట. మా ఆవిడ ఊళ్లో లేని రోజు చూసి తీసుకున్నా. తిరిగొచ్చాక ఏం జరిగిందో రాయను, అట్లాంటిదే కొత్త తట్ట ఇప్పుడు ఇంట్లో ఉంది.

బోల్టులకు చక్రం డిస్కులో కంపెనీ వాళ్లు వదిలిన నాలుగు రంధ్రాలున్నాయి. చక్రం నట్ల జోలికి మాత్రం పోలేదు. వాటి కింద కాంక్రీటు ఇరికిస్తే అది నలిగే కొద్దీ నట్టు వదులవుతుంది, చక్రమే ఊడొచ్చు. అట్టముక్క డిస్కుకు ఆనించి పెన్సిలుతో రంధ్రాల గుర్తులు తీసుకుని, రింగులో ఆ నాలుగు చోట్లా ముక్కాలంగుళం పీవీసీ పైపు ముక్కలు నిలబెట్టాను. పైపులు కదలకుండా లోపల ఇసుక నింపి టేపు వేశాను. పైపుల బయటి వైపు చుట్టూ 8 ఎం.ఎం. కడ్డీతో రెండు రింగులు, ఒకటి కింద, ఒకటి పైన. మొదటి బిళ్ల పగిలింది రంధ్రం దగ్గరే కాబట్టి రంధ్రాన్ని చుట్టుకుని కడ్డీ ఉండాలని మామ మరీ మరీ చెప్పాడు.

పోసేటప్పుడు రెండంగుళాలకు ఒకసారి ఆపి, కడ్డీతో పొడిచి, ఇనుప ముక్కలు కాంక్రీటులో మునిగేలా ఒత్తి, రింగును సుత్తితో చుట్టూ తట్టుకుంటూ వచ్చాను. ఇనుమంతా ఒకవైపు పేరుకుంటే చక్రం తిరిగేటప్పుడు ఊగుతుంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకున్నాను. మొదటిసారి ఉత్త చేతులతో కలిపి వేళ్ల చర్మం ఊడిన అనుభవం ఉంది.

మర్నాడు రింగు విప్పి, బిళ్లను కదపకుండా గోనెపట్టలు కప్పి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాను. పని మీద ఊరెళ్లిన రెండు రోజులు మా జేజికి అప్పగిస్తే ఆమె పసిబిడ్డకు నీళ్లు పోసినట్టు గంటకోసారి పోసిందట. 28 రోజులు ఆగాను. ఉన్నది ఒకటే రింగు కాబట్టి ఒక దాని తర్వాత ఒకటి పోయాల్సి వచ్చింది. మొత్తం జూన్ మొదటి వారం దాకా పట్టింది. కాయలు తూచే కాటా మీద పెడితే ఒకటి 43, ఇంకోటి 44.

43 కేజీల గుండ్రటి దాన్ని ఎత్తి, నాలుగు రంధ్రాలూ కలిపి పట్టుకుని, బోల్టు దూర్చడం ఇద్దరి వల్ల కూడా కాదు. నడుము పట్టేస్తుంది, వేలు పడితే నలుగుతుంది. భాయ్ చెప్పిన చిట్కా పనికొచ్చింది. డిస్కు పై రెండు రంధ్రాల్లో పొడుగాటి రెండు కడ్డీలు ముందే దూర్చి, బిళ్లను రాళ్ల మీద పేర్చిన పలక మీద అదే ఎత్తుకు నిలబెట్టి, కడ్డీల మీదుగా లోపలికి జరపడమే. కింది రెండింటికి 16 ఎం.ఎం. బోల్టులు వేశాక కడ్డీలు తీసి పైవీ వేశాం. డిస్కు లోపలి వైపు మందం వాషరు, నట్టు, దాని మీద ఇంకో నట్టు. గంట తోలాక మళ్లీ బిగించాను, పావు చుట్టు తిరిగింది. రెండో రోజు మళ్లీ చూస్తే కదల్లేదు.

అంతా అయ్యాక గాలి చూద్దామని గేజి తీసుకుంటే వాల్వు అందదు. రిమ్ముకూ బిళ్లకూ మధ్య ముక్కాలంగుళం సందు. వాల్వు కనిపిస్తుంది, పైపు మూతి పట్టదు. పంచరు షాపు అబ్బాయి చూసి, "అన్నా, గాలి కొట్టాలంటే దీన్ని పగలగొట్టాలా?" అని అడిగాడు. అది సామాన్యమైన ప్రశ్న కాదు. రెండు బిళ్లలూ మళ్లీ దించి, గ్రైండరు పెట్టి వాల్వు ఎదురుగా అంచు మీద రెండంగుళాల గంటు కోశాను. లోపల కడ్డీ తగలకుండా కోసేసరికి దుమ్ముతో తెల్లగా తయారయ్యాను. పోసేటప్పుడే ఆ చోట సగం కోసిన పైపు ముక్క రింగుకు ఆనించి ఉంటే ఐదు నిమిషాల పని.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయి. పదును చూసుకుని పై చేనికి ఎక్కించాను. అదే గేరు, అదే లోతు, పది చుట్లు. 25 మీటర్లు. జారుడు నూటికి 14కు దిగింది. ఆ రెండెకరాలకు అంతకు ముందు మూడున్నర గంటలు పట్టేది, ఇప్పుడు మూడు గంటలు. చిన్నాయన పుల్లల దగ్గర నిలబడి ఈసారి తనే టేపు పట్టుకున్నాడు. ఏమీ అనలేదు, అంటే మెచ్చుకున్నాడని అర్థం.

ఒక్క కొత్త సమస్య వచ్చింది. చక్రం పట్టు చిక్కేసరికి గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలడం మొదలైంది. ఇంతకు ముందు వెనక చక్రం జారిపోయేది కాబట్టి ముందు భాగం లేచే అవకాశమే లేదు. ఇప్పుడు జారదు, ఆ బలమంతా బండిని వెనక్కి తిప్పడానికి చూస్తుంది. ట్రాక్టర్లు వెనక్కి తిరగబడి మనుషులు పోయేది ఇట్లాంటి చోటే. కాబట్టి నిట్టనిలువు గట్టయితే రివర్సులో ఎక్కుతాను, ముందు బంపరుకు కంపెనీ బరువు పలకలు రెండు తెచ్చి తగిలించాను. రోడ్డు మీద కూడా బండి ఆగడానికి ఇంకాస్త దూరం తీసుకుంటోంది. టౌనుకు పోవాలంటే మెల్లగానే పోతాను. ఇంకా బరువు పెంచమని కొందరు సలహా ఇస్తున్నారు. పెంచను. చక్రం జారడం గేరుబాక్సుకు ఒక విధంగా రక్ష, కల్టివేటర్ ఎక్కడైనా బిగుసుకుపోతే మొదట చక్రం జారాలి కానీ గేరుబాక్సు లోపల పళ్లు విరగకూడదు.

మా మేనల్లుడు అనంతపురంలో ఒక కాలేజీ గ్రౌండు చూసుకుంటాడు. అక్కడ ఎక్కి కూర్చుని తోలే గడ్డి కోసే మిషన్ ఉంది. ప్రేక్షకులు కూర్చునే వాలు దగ్గర అదీ ఇట్లాగే జారుతుందని, తనకూ బిళ్లలు పోసిమ్మన్నాడు. దాని చక్రం రిమ్ము ఎనిమిదంగుళాలే, గేరు భాగం కూడా చాలా సున్నితం. ఇంత బరువు దానికి పెడితే గడ్డి కంటే ముందు మిషన్ పోతుంది. పాత జిమ్ సామాన్లు అమ్మే చోట ఐదు కేజీల ఇనుప ప్లేట్లు నాలుగు కొని, చక్రానికి రెండేసి బిగించమన్నాను. మధ్యలో రంధ్రం ఎలాగూ ఉంటుంది, సిమెంటు పనే లేదు. తడి గడ్డి మీద వాలుకు అడ్డంగా మాత్రం తోలొద్దని చెప్పాను. వాడికది పనిచేసింది, గడ్డి మీద చక్రాల గుర్తులు ఎక్కువ పడుతున్నాయని మాత్రం అక్కడివాళ్లు గొణుగుతున్నారట.

మొదటి జతలో పగలని బిళ్ల మోటారు షెడ్డు గుమ్మం ముందు మెట్టుగా పడి ఉంది. రింగును పక్కూరి రైతు ఒకాయన రెండు రోజులకని అడిగి తీసుకుపోయాడు. ఆయన దగ్గర నుంచి నార్పల వైపు ఎవరికో పోయిందని విన్నాను. పోయినవారం సంతలో ముఖం తెలియని ఒకాయన నన్ను ఆపి "అన్నా, నీ రింగుకు వాల్వు గంటు యాడ పెట్టాల?" అని అడిగాడు. చెప్పాను. రింగు తిరిగివ్వమని అడగడం మర్చిపోయాను.